విండోస్ ఉచితమే, ఖరీదంతా తెలుగుది: ఒక డీటీపీ ఆపరేటర్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఐటీ శాఖల అధికారులకు,

నమస్కారం. నేను తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక జిరాక్స్ మిషన్, కరెంటు పోతే అరగంట ఆదుకునే ఇన్వర్టర్. పెళ్లిపత్రికలు, పెద్దకర్మ కార్డులు, కోర్టు కాగితాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఏడాదికి నాలుగైదు కవితా సంపుటాలు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. టైపు మిషన్ మీద తెలుగు లోయర్ పాసై ఈ లైన్లోకి వచ్చినదాన్ని కాబట్టి కంప్యూటర్ లోపల ఏముంటుందో నాకు పెద్దగా తెలియదు. దాని ముందు కూర్చునేవాళ్ల కష్టం మాత్రం తెలుసు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఆపేసింది. ఆ తేదీకి ముందే మా షాపులో స్క్రీన్ నిండా ఒక నోటీసు రావడం మొదలైంది. ఈ కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కదని దాని సారాంశం. పెళ్లిపత్రిక ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి అది చూసి, "ఏంటమ్మా, మన కార్డు పోయిందా?" అని హడలిపోయాడు. కార్డు ఎక్కడికీ పోలేదండీ, పోయేది నా డబ్బే అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఆ రాత్రి షట్టర్ వేశాక ఆర్డర్ పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసుకున్నాను. ఈ ఉత్తరం రాయించింది ఆ లెక్కే.

మొదటి పద్దు విండోస్‌ది. అర్హత ఉన్న కంప్యూటర్‌లో దొంగది కాని, అసలైన విండోస్ 10 ఉంటే 11కి మారడానికి పైసా కట్టక్కర్లేదు. కాబట్టి అక్కడ సున్నా వేశాను.

రెండో పద్దు కంప్యూటర్లది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. తాళంచెవులు దాచుకునే చిన్న పెట్టె లాంటిదట అది. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే దాదాపుగా ఎనిమిదో తరం గానీ, ఆ తర్వాతది గానీ అయి ఉండాలి. నా పెద్ద కంప్యూటర్ 2014లో కొన్నది, నాలుగో తరం. ఆ ఏడాది ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోతే, ఆ భయంతోనే కొన్నాను. విండోస్ 7తో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఏడాదిపాటు విండోస్ 10ని ఉచితంగా ఇచ్చింది కదా, 2016 జూలైలో గడువు దాటకముందే దానికి మార్చుకున్నాను. రెండో కంప్యూటర్ 2018 మొదట్లో కొన్నది. అప్పటికే ఎనిమిదో తరం బజారులోకి వచ్చింది. రెండు వేలు తక్కువకి వస్తోందని ఏడో తరం తీసుకున్నాను. ఒక్క మెట్టు తేడాతో ఇవాళ అదీ పనికిరానిదైంది. ఆ రెండు వేలు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మా హార్డ్‌వేర్ అబ్బాయిని పిలిచి, పెద్దదాన్ని ఏమైనా చెయ్యగలవా అని అడిగాను. "అక్కా, ప్రాసెసర్ మార్చాలంటే మదర్‌బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే ఈ ర్యామ్ దానికి పట్టదు" అన్నాడు. "ఇక మిగిలేదేంట్రా?" అంటే, "క్యాబినెట్టూ, మీరు దాని మీద పెట్టిన వెంకటేశ్వరస్వామి బొమ్మా" అన్నాడు. కొత్త సిస్టమ్‌కి 34,000 రూపాయలు కొటేషన్ ఇచ్చాడు. నేను తెలుగు టైపింగ్‌కి పేజీకి 40 రూపాయలు తీసుకుంటాను. అంటే ఒక్క కంప్యూటర్‌కి 850 పేజీలు, రెండింటికీ 1,700 పేజీలు. కరెంటు బిల్లు, అద్దె, టోనర్ లేకుండా వేసిన లెక్క ఇది.

ఇంతవరకూ అందరికీ ఉన్న బాధే. హైదరాబాద్‌లో ఆడిటర్‌కీ ఉంది, గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టుకీ ఉంది. దీని గురించే అయితే మీకు రాసేదాన్ని కాదు, చీటీ పాడుకుని కొనేసుకునేదాన్ని. మూడో పద్దు దగ్గరే పెన్ను ఆగిపోయింది.

మూడో పద్దు తెలుగుది.

మా షాపులో ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రామే నడుస్తోంది. అది 2001లో వచ్చింది, ఎక్స్‌పీ వచ్చిన ఏడాదే. ఆ తర్వాత అడోబీ కంపెనీ దానికి కొత్త వెర్షన్ తీయనేలేదు. దాన్ని పక్కనపెట్టి, అప్పటికే తెచ్చిన ఇన్‌డిజైన్ అనే ప్రోగ్రామ్‌నే నమ్ముకుంది. మేం మాత్రం పేజ్‌మేకర్‌ని వదల్లేదు. మా వీధిలో ఉన్న ఇంకో మూడు షాపులూ వదల్లేదు. విండోస్ 10 మీద కూడా దాన్ని బతిమాలి, బుజ్జగించి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి నెట్టుకొచ్చాం. విండోస్ 11 మీద కూడా నడుపుతున్నవాళ్లున్నారు, కాదనను. కానీ పాతికేళ్ల కిందటి ప్రోగ్రామ్, దానితోపాటు పాత తెలుగు ఫాంట్లు, ఆ ఫాంట్లకు కీబోర్డు కలిపే ఇంకో ప్రోగ్రామ్. ఈ మూడూ ప్రతి కొత్త విండోస్‌లోనూ కలిసి పనిచేస్తాయా లేదా అని ప్రతిసారీ టెన్షనే. ఏ అప్‌డేట్ తర్వాత ఏ వత్తు ఎగిరిపోతుందో తెలియక, సీజన్‌లో ఇంటర్నెట్ వైరు పీకేసి పనిచేసే ఆపరేటర్లు నాకు తెలుసు. నేనూ పీకాను.

మరి ఎందుకు వదలరు అని మీరడగొచ్చు. ఫాంట్ల సంగతి కొంచెం చెప్పాలి.

1990లలో విండోస్‌కి తెలుగు తెలియదు. అప్పుడు మన ఫాంటు కంపెనీలవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, వత్తులు విడివిడిగా ఇంకొన్ని గడుల్లో. కంప్యూటర్ మాత్రం తాను ఇంగ్లీషు గుర్తులే చూపిస్తున్నాననుకుంటుంది. కాగితం మీద తెలుగు పడుతుంది. రెండొందల చిల్లర గడుల్లో మన గుణింతాలూ వత్తులూ అన్నీ ఇరికించారంటే వాళ్ల నేర్పుకి దండం పెట్టాలి. నా కుటుంబం ఇన్నాళ్లు తిన్నది ఆ నేర్పు పెట్టిన అన్నమే. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో వరస. ఒకరి ఫాంటులో టైపు చేసింది ఇంకొకరి ఫాంటులో పెడితే చదవలేం. ఫాంటే లేని కంప్యూటర్‌లో తెరిస్తే టోపీలు, చుక్కలు తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. అంటే ఆ ఫైల్లో ఉన్నది తెలుగు బొమ్మ మాత్రమే, తెలుగు అక్షరం కాదు.

యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత గడి ఇచ్చే, అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన ప్రమాణం. అది వచ్చాక కథ మారాలి. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గడుల సొంత చోటు దొరికింది. ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే ఫాంటు వచ్చింది. నాకు బాగా గుర్తు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి భాషల పేజీలో ఒక బాక్సు టిక్ పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ పెట్టమనేది. మా దగ్గర అసలు సీడీ ఎక్కడుంది? ఆ రోజుల్లో నా మొదటి కంప్యూటర్‌లో ఉన్న విండోస్ దొంగదే, దాచడమెందుకు. అసెంబుల్ చేసినవాడు క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వేసిచ్చాడు. ఊరంతా తిరిగి ఒక ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర సీడీ సంపాదించి పెట్టాక, నోట్‌ప్యాడ్‌లో "అమ్మ" అని టైపు చేసి చూశాను. ఏ ఫాంటు కంపెనీ సాయం లేకుండా, కంప్యూటర్‌కి తగిలించే ఏ లాకూ లేకుండా, ఉత్త నోట్‌ప్యాడ్‌లో తెలుగు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చుకోవడం వల్ల ఒరిగిందేంటి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ "అమ్మ" గురించే. ఆ తర్వాతి విండోస్‌లకు బాక్సూ అక్కర్లేకపోయింది, సీడీ అక్కర్లేకపోయింది.

2009 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ-గవర్నెన్స్ పనులన్నిటికీ భారతీయ భాషల్లో యూనికోడే ప్రమాణమని ప్రకటించింది. ఉమ్మడి రాష్ట్రంలో అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్రతో కలిసి ప్రభుత్వమే యూనికోడ్ ఫాంట్లు చేయించి ఉచితంగా ఇచ్చింది. అందులో మా ఊరి పేరుతో తెనాలి రామకృష్ణ ఫాంటు కూడా ఉంది. దానితో నేను పుస్తకాల అట్టలు చేశాను. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు అందుతున్నాయి. అందులో వచ్చే తెలుగు యూనికోడే, ఇంకోలా రావడానికి వీల్లేదు.

ఇన్ని జరిగాక కూడా మా షాపులోకి వచ్చే సర్కారీ పని పాత ఫాంటులోనే వస్తోంది. ఒక కార్యాలయం నుంచి కరపత్రం మార్పులు చేసివ్వమని పెన్‌డ్రైవ్ పంపుతారు. తెరిస్తే పేజ్‌మేకర్ ఫైలు. అదే వారంలో ఇంకో కార్యాలయం తమ వెబ్‌సైట్ ఫారంలో తెలుగులో వివరాలు పేస్ట్ చేయమంటుంది. అక్కడ పాత ఫాంటు పెడితే చెత్త పడుతుంది, యూనికోడే కావాలి. ఒకే రైతు, ఒకే అర్జీ. ప్రింటు తీయడానికి ఒకసారి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఒకసారి, రెండుసార్లు టైపు చేస్తున్నాను. రెండోసారి డబ్బులడిగితే "అదే కదమ్మా, మళ్లీ ఎందుకు?" అంటారు. వాళ్లనేం అనగలను?

మీ నుంచి ఒక్క కాగితం పాత ఫాంటులో వచ్చినంతకాలం నేను పాత ఫాంటు వదల్లేను. నేను వదలనంతకాలం నా దగ్గర పుస్తకం వేయించుకునే మాస్టారూ, నాకు ప్రశ్నపత్రం పంపే స్కూలూ, నా ఫైలు తీసుకునే ప్రెస్సూ వదలరు. ఈ గొలుసులో అందరికంటే పైన ఉన్నది మీరే కాబట్టి ఉత్తరం మీకే రాస్తున్నాను.

పాత ఫైళ్లను మార్చుకోవచ్చు కదా, కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఉత్సాహం ఉన్నవాళ్లు చేసి ఉచితంగా పెట్టినవి కూడా ఉన్నాయి, వాళ్లు చల్లగా ఉండాలి. అవెలా పనిచేస్తాయో ఒక సంగతి చెబుతాను.

మా దగ్గర ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు 2009లో 184 పేజీల వ్యాస సంపుటి వేయించారు. ఈ మధ్య రెండో ముద్రణ వేద్దామని వచ్చారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్లు ఫోన్లో చదువుకునేలా కావాలన్నారు. అంటే యూనికోడ్. ఫైలు దొరికింది, తెరుచుకుంది కూడా. కన్వర్టర్‌లో వేశాను. దూరం నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మొదటి పేజీ చదివారు. "స్వాతంత్ర్యం"లో వత్తుల్లో ఒకటి గల్లంతు. "కర్త"లో రేఫ పక్క అక్షరానికి తగులుకుంది. "జ్ఞానం" ఉన్నచోటల్లా ఏదో ఒక కొత్త భాష. కొన్నిచోట్ల "షు", "ఘ" ఒకదానికొకటి మారిపోయాయి. పాత ఫాంటులో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో నోటితో పలికే వరసలో ఉంటాయి. ఒక వరసలోంచి ఇంకో వరసలోకి మార్చేటప్పుడే ఈ గల్లంతులు. మాస్టారు పెన్సిల్ కింద పెట్టి, "అమ్మా, నేను రాసినప్పుడు కూడా ఇన్ని తప్పులు చెయ్యలేదమ్మా" అన్నారు.

తొమ్మిది మధ్యాహ్నాలు కూర్చున్నాం ఇద్దరం. ఆయన చదవడం, నేను దిద్దడం. మధ్యలో పక్కషాపు నుంచి టీ. దానికి ఎంత తీసుకోవాలో నాకు తెలియలేదు. టైపింగ్ రేటు వేస్తే 7,360 రూపాయలు. కానీ ఆయన దృష్టిలో అది ఒకసారి డబ్బులిచ్చి టైపు చేయించిన పుస్తకమే. అందులో అబద్ధం కూడా లేదు. చివరికి 3,000 తీసుకున్నాను. మా ఇద్దరికీ అసంతృప్తే మిగిలింది.

నా రెండు బయటి హార్డ్‌డిస్కుల్లో అలాంటి ఫైళ్లు పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. పెళ్లిపత్రికలు తీసేస్తే నిలబెట్టుకోవాల్సినవి కొన్ని వందలుంటాయి. ఊరి చరిత్రలు, గుడి శతజయంతి సంచికలు, చనిపోయిన కవుల పుస్తకాలు. కొన్నిటికి అచ్చు ప్రతి కూడా ఎక్కడా దొరకదు. ఆర్డర్ పుస్తకం అట్ట మీద మూడో పద్దు ఎదురుగా అంకె వేయలేక ప్రశ్నార్థకం పెట్టాను.

పోనీ ఏదీ మార్చకుండా ఇలాగే ఉండిపోతేనో? కంప్యూటర్ రేపు ఆగిపోదు. విండోస్ 10 ఇవాళ కూడా లేస్తుంది, ప్రింటు కొడుతుంది. మా వీధిలో చాలామంది అలాగే అనుకుంటున్నారు. ఇక్కడ నా వాళ్ల మీదే నాకు కోపం వస్తుంది. మీకు తెలియంది కాదు గానీ, మాలాంటి షాపుల్లో డెస్క్‌టాప్ మీద ఏముంటుందో ఒకసారి చెప్పనివ్వండి. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులుంటాయి. పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, ఆడపిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు. ప్రింటు తీసివ్వమని వాట్సాప్‌లో పంపుతారు, డౌన్‌లోడ్స్‌లో పడతాయి, అక్కడే ఉండిపోతాయి. ఈ ఉత్తరం రాసే ముందు నా డౌన్‌లోడ్స్ తెరిచి చూస్తే సిగ్గేసింది. అన్నీ తీసేశాను. ప్రతి షాపులోనూ తీస్తారా? రోజుకి ముప్పై పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్‌కి, కన్నాలు పూడ్చేవాడు లేని విండోస్ ఉంటే ఏమవుతుంది?

2017 మే నెలలో వన్నాక్రై వచ్చింది గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వైరస్. దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, అంటే రెండు నెలల ముందే. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఎక్స్‌పీకి అప్పటికి మూడేళ్ల కిందటే సపోర్ట్ ఆగిపోయినా, పరిస్థితి చూసి దానికీ ప్యాచ్ ఇచ్చారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని ఆ దాడిలో చిక్కుకున్నాయని పేపర్లన్నీ రాశాయి. పోలీసు స్టేషన్‌కే తప్పనిది కోర్టు పక్క డీటీపీ షాపుకి తప్పుతుందా?

అందుకే నేను మారను అనడం లేదు. మారడానికి అయ్యే ఖర్చులో నా వాటా నేను పెట్టుకుంటాను. మీ వాటా సంగతి చూడమంటున్నాను.

విండోస్ 10 ఉన్న ఇళ్ల కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది గడువిచ్చింది, 2026 అక్టోబర్ 13 దాకా. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా సెట్టింగులు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి బ్యాకప్ చేస్తే ఉచితం. సంస్థలకైతే ఒక్కో కంప్యూటర్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు. అంటే అయిదు వేల రూపాయల పైమాటే. రెండో ఏడు 122, మూడో ఏడు 244, ఆ తర్వాత అదీ లేదు. బడులకు మాత్రం మొదటి ఏడాది ఒక్క డాలరే, తర్వాత రెండు, నాలుగు. మీ కలెక్టరేట్లలో, మండల ఆఫీసుల్లో, సచివాలయాల్లో విండోస్ 10 ఉన్నవి ఎన్ని? వాటిలో ఎన్నింటికి ఈ డబ్బు కట్టారు, ఎన్నింటిని గాలికి వదిలేశారు? బడుల ల్యాబుల్లో ఒక్క డాలరు ఏర్పాటు ఎవరైనా వాడుకున్నారా? ఈ లెక్క బయటపెట్టండి. మా ఆధార్ కార్డులు మీ దగ్గర కూడా ఉన్నాయి కాబట్టి అడిగే హక్కు మాకుంది.

మా హార్డ్‌వేర్ అబ్బాయి పోరు పడలేక 2014 కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే సిస్టమ్ వేయించి చూశాను. ముసలిది పరుగెత్తింది, అబద్ధమెందుకు. తెలుగు దానంతట అదే కనిపించింది. ప్రింటర్ వైరు పెట్టగానే పట్టుకుంది. లిబ్రెఆఫీస్ అనే ఉచిత టైపింగ్ ప్రోగ్రామ్‌లో అర్జీలు హాయిగా చేసుకోవచ్చు. పేజీ మేకప్‌కి స్క్రైబస్ అని ఉచితంగా ఒకటుంది, 1.6 వెర్షన్‌లో మన వత్తులు సరిగ్గానే కూర్చుంటున్నాయి. కేరళ బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ తమ భాషకు తగినట్టు సిస్టమ్ తయారుచేసి బడులకిస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కూడా బాస్ పేరుతో లినక్స్ చేసింది. నేను మాత్రం నాలుగో రోజు వెనక్కి వచ్చేశాను. కారణం ఒకటే. నా దగ్గరున్న వేలిముద్ర పెట్టే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, విండోస్‌కే ఉంది. సర్కారు సేవలకు వాడే పరికరమే సర్కారు ఖజానాకి భారం లేని సిస్టమ్ మీద నడవకపోతే ఎలా? ఇకమీదట అలాంటి పరికరాలు కొనే టెండర్లలో లినక్స్ డ్రైవర్ కూడా ఇవ్వాలని ఒక్క వాక్యం రాయించండి. దానికి మీకయ్యే ఖర్చు ఇంకు చుక్క.

అసలు అడగాల్సింది ఫాంట్ల గురించే. ప్రభుత్వం పేరుతో బయటికి వచ్చే ప్రతి తెలుగు కాగితం, జీవో నుంచి కరపత్రం దాకా, యూనికోడ్‌లో ఉండాలి. స్కాన్ చేసిన బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఉండాలి. 2009లో కేంద్రం చెప్పినదాన్ని ఇప్పుడు అమలు చేయమని అడుగుతున్నానంతే, కొత్త పాలసీ ఏమీ అక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు, ప్రచార సామగ్రి టైపు చేయించే కాంట్రాక్టుల్లో కూడా ఇదే షరతు పెట్టండి. ఏడాది ముందు చెప్పి పెట్టండి, మేం వేళ్లు తిప్పుకోవడానికి టైం కావాలి. మాలో చాలామందికి యాపిల్ లేఅవుట్ అనే తెలుగు కీబోర్డు వరస వేళ్లలో ఇంకిపోయింది. యూనికోడ్‌లో అదే లేఅవుట్‌తో కొట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు ఉన్నాయని చాలామంది ఆపరేటర్లకు తెలియదు. జిల్లాకొక రెండు రోజుల క్లాసు పెడితే సగం భయం పోతుంది. సన్మానాలూ, శాలువాలూ వద్దు. కుర్చీ, కీబోర్డు, చెప్పేవాడు ఉంటే చాలు.

ఇక కన్వర్టర్. ఎక్కువమంది వాడిన పాత ఫాంట్ల వరసలు ఏవో మీకు తెలుసు, ఆ కంపెనీలవాళ్లూ మన మధ్యే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టండి, వాళ్ల కష్టానికి న్యాయమైన డబ్బివ్వండి. ఏ గడిలో ఏ ముక్క ఉందో పూర్తి పట్టిక బయటపెట్టించండి. ఆ పట్టిక ఉంటే మన విశ్వవిద్యాలయాల పిల్లలు ఒక సెమిస్టర్‌లో మంచి కన్వర్టర్ చేసిస్తారు. పరీక్షించడానికి నా పదకొండు వేల ఫైళ్లు ఇస్తాను. "స్వాతంత్ర్యం" సరిగ్గా వచ్చిందో లేదో చూసిపెట్టడానికి మాస్టారు కూడా సిద్ధమే, అడిగాను.

ఒకందుకు తొందరపెడుతున్నాను. కిందటేడు ఒక కుర్రాడు వాళ్లన్నయ్య భుజం పట్టుకుని షాపుకి వచ్చాడు. పుట్టుకతో చూపు లేదు. పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకున్నాడు. స్క్రీన్ మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. అతనికి దొరికిన తెలుగు నోట్స్ పీడీఎఫ్ మాత్రం పాత ఫాంటులో ఉంది. ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చి వినమన్నాడు. గబగబా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల పేర్లూ తప్ప ఒక్క తెలుగు ముక్క లేదు. కళ్లున్న మనకు ఆ పేజీ చక్కటి తెలుగు. అతని చెవికి ఉత్త గోల. 14 పేజీలూ యూనికోడ్‌లో టైపు చేసిచ్చాను. మళ్లీ వింటున్నప్పుడు మధ్యలో ఆపి, "ఇక్కడ 'ఆర్థిక'కి వత్తు మర్చిపోయారక్కా" అన్నాడు. నిజమే, మర్చిపోయాను.

నా లెక్క సంగతి చివరికి ఏమైందంటే, ఒక కొత్త కంప్యూటర్ కొంటున్నాను, అప్పుచేసే. ఏడో తరందాన్ని ఇచ్చిన గడువులో ఇంకొన్నాళ్లు నడుపుతాను. 2014 దాన్ని ఇంటర్నెట్ వైరు తీసేసి మూల పెడతాను, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి. దాని మీది వెంకటేశ్వరస్వామిని కొత్తదాని మీదికి మార్చను, అక్కడే ఉండనీ, దానికే ఎక్కువ అవసరం.

ఈ ఉత్తరాన్ని రెండు శాఖల మెయిల్ ఐడీలకూ పంపాను. యూనికోడ్‌లోనే టైపు చేశాను, మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉన్నా తెరుచుకుంటుంది. జవాబు రాస్తే సంతకం పెట్టి స్కాన్ చేసిన బొమ్మ పంపకండి. అక్షరాలుగా పంపండి. ఆ కుర్రాడికి కూడా వినిపిస్తానని మాటిచ్చాను.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక డీటీపీ ఆపరేటర్